కాలికింద పెడల్ లేని బ్రేకు

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. పోయిన సంక్రాంతికి 21 అడుగుల పాత ఫిషింగ్ బోటొకటి ట్రైలరుతో సహా కొన్నాను. రెండు ఇరుసుల ట్రైలరు. ముందు ఇరుసుకి మాత్రమే డ్రమ్ము బ్రేకులున్నాయి. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళకి ఐదారుసార్లు వెళ్ళొచ్చాం. ఈమధ్య సిగ్నల్ దగ్గర ట్రక్కు ఆపితే వెనకనుంచి ఎవరో గుద్దినట్టు దబ్బున తోస్తోంది. ట్రైలరు మూతి దగ్గరున్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తే అడుగున గోధుమరంగు బురద తప్ప ఏమీ లేదు. కొత్త ఆయిల్ పోసి, మా ఆవిడ ట్రైలరు మూతిలోని బ్రేకు కడ్డీని స్క్రూడ్రైవరుతో తోస్తుంటే నేను చక్రం దగ్గర గాలి తీసే మర (నిప్పిల్) విప్పుతూ గాలి తీశాను. రెండు సీసాలు అయిపోయాయి, బుడగలు ఆగలేదు. మా స్నేహితుడొకాయన “అవన్నీ పీకి పారెయ్, నీ ట్రక్కు బ్రేకులు చాల్లే” అంటున్నాడు. గాలి పూర్తిగా తీసే పద్ధతి చెప్పండి. లేక పీకెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, కేటీ, టెక్సస్

జవాబు: మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. పీకొద్దు.

ట్రక్కు బ్రేకులు ట్రక్కుని ఆపడానికి లెక్కగట్టినవి. 21 అడుగుల బోటు, దాని ఇంజను, ట్యాంకులో పెట్రోలు, ఐసు పెట్టె, ఇనప ట్రైలరు అన్నీ కలిపితే మీ వెనకాల వచ్చేది 5,000 పౌండ్లకి అటూ ఇటూగా ఉంటుంది. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుని హైవే వేగంతో లాగాలంటే దానికి బ్రేకులు ఉండి తీరాలని చట్టం. చట్టం సంగతి అలా ఉంచండి. వాన కురుస్తున్న ఐ-45 హైవే మీద ముందు కారు ఠక్కున ఆగిందనుకోండి. మీరు బ్రేకు తొక్కుతారు, ట్రక్కు ముక్కు వంగుతుంది, వెనక చక్రాల మీద బరువు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే వెనకున్న 5,000 పౌండ్లు ఆ చక్రాలని పక్కకి నెట్టేస్తాయి. ట్రక్కూ ట్రైలరూ చాకులా మడత పడతాయి. ఆ ట్రక్కులో మీ ఆవిడా పిల్లలూ ఉంటారు. ఆ స్నేహితుడి మాట ఈ ఒక్క విషయంలో వినకండి.

ఇక గాలి సంగతి. రెండు సీసాలు పోసినా బుడగలు ఆగలేదంటే మీకు గాలి తీయడం చేతకాక కాదు. మీరు తీసినంతా మళ్ళీ లోపలికి వస్తోంది. అసలు డబ్బా ఎందుకు ఖాళీ అయింది? బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. డబ్బా ఖాళీ అయిందంటే అది ఎక్కడో కారిపోయింది. ఎక్కడ కారిందో చూడకుండా పైన పోసి కింద తీస్తుంటే ఇంకో పది సీసాలైనా అంతే.

నేను ఈ పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ షెడ్డులో. 1980ల చివరి మాట. వచ్చే టాక్సీల్లో ఎక్కువ అంబాసిడర్లే. బ్రేకు గాలి తీయాలంటే డ్రైవరు సీట్లో ఒక కుర్రాడు కావాలి. ఆ కుర్రాణ్ణి నేను. మామయ్య బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని “తొక్కు... తొక్కు... తొక్కు... తొక్కి పట్టు!” అని అరిచేవాడు. పట్టేవాణ్ణి. ఆయన నిప్పిల్ అర మర విప్పగానే నా పాదం కింద పెడల్ మెత్తగా నేలకి దిగిపోయేది. “పోయింది మామయ్యా” అనేవాణ్ణి. ఆయన బిగించాక “వదులు” అనేవాడు. అలా రోజుకి ఎన్ని బళ్ళో. ఒకసారి ఒక టాక్సీకి పొద్దున్నించి మూడుసార్లు గాలి తీశాం. సాయంత్రానికి పెడల్ మళ్ళీ స్పాంజిలా అయింది. నాలుగోసారికి నేను సీటెక్కబోతే మామయ్య దిగమన్నాడు. వెనక ఎడమ చక్రం దగ్గరికి తీసుకెళ్ళి, టైరు లోపలివైపు దుమ్ములో సన్నగా జారిన తడి చార చూపించాడు. వేలితో తుడిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. “ఆయిల్ కారిన చోటే గాలి దూరిందిరా. ముందు తడి వెతుకు, తరవాత పానా పట్టు” అన్నాడు. డ్రమ్ము విప్పితే, చక్రంలో బ్రేకుని తోసే వీల్ సిలిండరు రబ్బరు కప్పు అంచు అరిగిపోయి ఉంది. బ్రేకు కొట్టినప్పుడు ఆయిల్ బయటికి, వదిలినప్పుడు గాలి లోపలికి.

మీ ట్రైలరులో జరిగేది అదే. తేడా ఒక్కటే, దానికి పెడల్ లేదు. ట్రక్కు వేగం తగ్గగానే ట్రైలరు తన ఊపుతో ముందుకి తోస్తుంది. ట్రక్కు వెనకున్న హిచ్చి బాలు (లాగే గుండు) మీద కూర్చున్న కప్లరు, అంటే ట్రైలరు మూతి, ఆ తోపుకి నాలుగంగుళాల లోపు వెనక్కి జారి, లోపలున్న, ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండరు కడ్డీని నొక్కుతుంది. ఆ ఒత్తిడి సన్న ఇనప పైపు వెంట ఇరుసు దాకా పోయి చక్రాల్లో షూలని (వంపు తిరిగిన బ్రేకు పట్టీలని) డ్రమ్ముకి అదుముతుంది. బోటెంత గట్టిగా తోస్తే బ్రేకంత గట్టిగా పడుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. అంబాసిడర్లో గాలి దూరితే నా పాదానికి వెంటనే తెలిసేది. ట్రైలరు బ్రేకు పూర్తిగా చచ్చిపోయినా మీ ట్రక్కు పెడల్ ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది. మీ కాలికి ఏ కబురూ రాదు. ఆ దబ్బుమనే తోపు వచ్చేదాకా ఏమీ తెలియదు. అందుకే ఈ బ్రేకుని కళ్ళతో చూడాలి, చేత్తో తడమాలి. వేరే దారి లేదు.

తడి వెతికే పని సమతలంగా ఉన్న సిమెంటు మీద పెట్టుకోండి. టైర్లకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీదే వదిలేసి కింద చెయ్యి పెట్టొద్దు.

మొదట మూతి దగ్గర మాస్టర్ సిలిండరు చూడండి. మీరు చెప్పిన గోధుమరంగు బురద అంటే ఆయిల్లో నీళ్ళు కలిసి, లోపలి ఇనుము తుప్పుపట్టి తయారైనది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని తాగుతుంది. కొత్త సీసాలోది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. నీళ్ళు 3.7 శాతం కలిసిన ఆయిల్‌కి అదే ప్రమాణం 140 డిగ్రీలకి దిగిపోతుంది. మరిగితే ఆవిరవుతుంది, ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది, బ్రేకు పడదు. డబ్బాలో బురదని గుడ్డతో తీసేసి, సిలిండరు లోపలి గోడకి టార్చి కొట్టి చూడండి. నున్నగా మెరుస్తుంటే మంచిదే. గుంటలు పడి ఉంటే కొత్తది వేయండి. గుంటల మీద కొత్త రబ్బర్లు వేస్తే నాలుగు రోజుల్లో చిరుగుతాయి.

తరవాత చక్రాలు. టైరు తీసి, గ్రీజు మూత, చీలిక పిన్ను, నట్టు తీస్తే డ్రమ్ము హబ్బుతో సహా బయటికి వస్తుంది. రాకపోతే సుత్తితో బాదొద్దు. వెనక ప్లేటు అడుగున ఉన్న గాటులోంచి, షూల ఎడం సరిచేసే పళ్ళచక్రాన్ని (స్టారు చక్రాన్ని) వెనక్కి తిప్పి షూలని వదులు చేయండి, వస్తుంది. లోపలి ధూళిని గాలికొట్టి ఎగరేయొద్దు, బ్రేక్ క్లీనరు కొట్టి తడిపి తుడవండి. వీల్ సిలిండరు చివర నల్ల రబ్బరు తొడుగుంటుంది. దాని అంచుని వేలితో ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. వేలికి ఆయిల్ అంటితే ఆ సిలిండరు పోయినట్టే.

ఉప్పునీళ్ళలో మునిగిన ట్రైలరైతే నా సలహా ఒకటే. వీల్ సిలిండరుని కిట్టు వేసి బాగుచేయడం మానండి. షూలు, స్ప్రింగులు, సిలిండరు అన్నీ బిగించి ప్లేటుతో సహా సెట్టుగా అమ్ముతారు. పదంగుళాల డ్రమ్ముకైతే నాలుగు బోల్టులు విప్పి పాతది తీయడం, అవే బోల్టులకి కొత్తది బిగించడం. తుప్పుపట్టిన పాత స్ప్రింగులతో కుస్తీ ఉండదు. ఎడమ, కుడి వేరువేరు, తారుమారు చేయకండి. పొట్టి లైనింగున్న షూ ముందువైపు, పొడుగు లైనింగున్నది వెనకవైపు రావాలి. ఒక చక్రానిదే పోయినా రెండు చక్రాలకీ మార్చండి. ఒకవైపే పట్టే బ్రేకు అసలు లేనిదానికన్నా మంచిదేమీ కాదు, బండిని ఒక పక్కకి గుంజుతుంది.

మూడోది పైపు. నేను స్వయంగా దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను. టెక్సస్ వచ్చిన కొత్తలో నా సొంత ట్రైలరుకి రెండు చక్రాల్లోనూ కొత్త సెట్లు వేసి, గాలి తీసి, సంతోషంగా టెక్సస్ సిటీ డైకుకి వెళ్ళాను. సముద్రంలోకి ఐదుమైళ్ళు పొడుచుకెళ్ళిన కట్ట అది, తెల్లారకముందే ర్యాంపు దొరుకుతుంది. తిరిగొస్తుంటే ఒక సిగ్నల్ దగ్గర ట్రైలరు నన్ను గీత దాటించి కూడలిలోకి నెట్టింది. అడ్డంగా వచ్చే బండి లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఇంటికొచ్చి చూస్తే చక్రాలు పొడిగా ఉన్నాయి, మాస్టర్ పొడిగా ఉంది, డబ్బా ఖాళీ. ఆయిల్ పైపు చట్రం పెట్టెగొట్టం లోపలినుంచి పోతుంది. అక్కడ ఒక క్లిప్పు కింద ఉప్పు చేరి పైపుని సూదిమొనంత కన్నం పొడిచింది. కారిన ఆయిల్ చట్రం లోపలే నిలిచి, వెనక చివర నీళ్ళు కారే బెజ్జంలోంచి నిదానంగా చుక్కలు పడుతోంది. బోటుని ఎత్తులో ఆపినప్పుడు కారే నీళ్ళనుకుని నేను దాన్ని నెలరోజులు పట్టించుకోలేదు.

మీరు అలా మోసపోకండి. ట్రైలరు కింద పొడుగునా అట్టపెట్టెలు విప్పి పరవండి. డబ్బా నింపి, ఒకరు కడ్డీని నొక్కి పట్టి ఒక నిమిషం ఉంచండి. అట్టమీద పడ్డ చుక్కని వేలితో రుద్దండి. నీరైతే ఆరిపోతుంది, ఆయిల్ అయితే జిడ్డుగా జారుతుంది. చట్రంలో దూరిన పైపు తుప్పుపట్టి ఉంటే ముక్క కోసి అతకొద్దు. మధ్యలో కంప్రెషన్ జాయింటు అసలే వద్దు, ఆ ఒత్తిడికి ఊడిపోతుంది. కొత్త పైపు మొత్తంగా లాగండి. రాగి నికెలు కలిపిన పైపు దొరుకుతుంది. ఉప్పుకి తట్టుకుంటుంది, చేత్తోనే వంగుతుంది. ఉత్త రాగి పైపు మాత్రం బ్రేకుకి పనికిరాదు. చివర్లని వెడల్పు చేసి రెండు మడతల ఫ్లేరు వేయించాలి. ఆ పనిముట్టు మీ దగ్గర లేకపోతే చివర్లు వేసే ఉన్న పైపులు కొలతల వారీగా విడిభాగాల షాపుల్లో ఉంటాయి. ఇరుసు దగ్గరున్న రబ్బరు హోసు కూడా అప్పుడే మార్చేయండి. అది లోపల ఉబ్బి మూసుకుపోతే ఒత్తిడి వెళ్తుంది, తిరిగి రాదు. బ్రేకు వదలక హబ్బులు కాలిపోతాయి.

తడి అంతా పోయింది అనుకున్నాక, అప్పుడు గాలి తీద్దాం.

కొత్త మాస్టర్ వేస్తే దాన్ని బిగించకముందే బల్లమీద వైసుకి పట్టించి, ఆయిల్ పోసి, బయటి కన్నం నుంచి చిన్న గొట్టం తిరిగి డబ్బాలోకే పెట్టి, బుడగలు ఆగేదాకా కడ్డీని నిదానంగా నొక్కండి. ఈ పని చేయనివాళ్ళే తరవాత చక్రాల దగ్గర గంటలు గంటలు కూర్చుంటారు.

మాస్టర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మీకు ఒక ఇరుసుకే బ్రేకులు కాబట్టి, రబ్బరు హోసు వచ్చి కలిసిన చోటునుంచి ఏ చక్రానికి పైపు పొడుగ్గా వెళ్ళిందో అది ముందు. నిప్పిల్‌కి ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఆరు మూలలున్న సాకెట్టే వాడండి, అంచులు అరగవు. నిప్పిల్‌కి లోపల ఏముందో బయటికి కనపడే తెల్లగొట్టం తగిలించి, రెండో చివర సీసాలో అంగుళం ఆయిల్లో ముంచండి. ఆ చివర ఎప్పుడూ మునిగే ఉండాలి.

ముందున్నవారు చేసే పని పెడల్ తొక్కడం లాంటిదే. కొన్ని ట్రైలర్లకి కప్లరు అడుగున బెజ్జం ఉంటుంది, అందులోంచి పెద్ద స్క్రూడ్రైవరుతో కడ్డీని తోయాలి. మీదీ అలాంటిదే అనుకుంటాను. నిదానంగా, పూర్తిగా, చివరిదాకా తోయాలి. హడావుడిగా టకటకా కొడితే ఆయిల్లో గాలి నురగలా కలిసిపోయి సన్న బుడగలు గంటసేపు వస్తూనే ఉంటాయి. మా షెడ్డు భాషే పెట్టుకోండి. మీరు “తోసి పట్టు” అనండి, ఆవిడ తోసి పడతారు. మీరు నిప్పిల్ అర మర విప్పండి, ఆయిల్ గొట్టంలోకి వస్తుంది. మీరు బిగించాక “వదులు” అనండి. బిగించకముందు ఆవిడ వదిలారంటే నిప్పిల్ మరల చుట్టూ ఉన్న సందులోంచి గాలి తిరిగి లోపలికి పీలుస్తుంది. మీ రెండు సీసాల్లో కొంత ఇలా కూడా పోయిందేమో గుర్తు చేసుకోండి. చేతిపంపుతో గుంజి గాలి తీసేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. మరల్లోంచి వచ్చే గాలిని చూసి లోపలి గాలి అనుకుని తీస్తూనే ఉంటారు.

ఐదారు తోపులకోసారి డబ్బా చూడండి. అడుగు కనపడిందంటే మళ్ళీ మొదటికొస్తుంది. సీసాలోకి వచ్చిన ఆయిల్ ఎంత తేటగా కనపడినా తిరిగి పోయొద్దు. రంగుమీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. గొట్టంలో బుడగ లేకుండా, తేటగా, ఒకే ధారగా వచ్చాక రెండో చక్రానికి వెళ్ళండి.

అంతా అయ్యాక కూడా కడ్డీ చాలాదూరం వెళ్తోందని కంగారుపడి మళ్ళీ గాలి తీయడం మొదలుపెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఇక్కడ చేతితో తేడా పట్టాలి. నొక్కుతుంటే స్పాంజిలా మెత్తగా, ఎంత నొక్కినా ఇంకొంచెం ఇస్తూ ఉంటే గాలి. చాలాదూరం ఖాళీగా వెళ్ళి, ఆ తరవాత రాయిలా ఆగితే గాలి కాదు, షూలకీ డ్రమ్ముకీ మధ్య ఎడం ఎక్కువైంది. దానికి వెనక ప్లేటు అడుగు గాటులోంచి స్టారు చక్రాన్ని తిప్పాలి. చక్రం చేత్తో తిప్పడం కష్టమయ్యేదాకా బిగించి, షూ సన్నగా రాసుకునే చప్పుడు మిగిలేంతవరకు వెనక్కి వదలండి. చక్రాన్ని ఎప్పుడూ ముందుకే తిప్పుతూ చూడాలి. ఈ డ్రమ్ము బ్రేకుల్లో ఎక్కువ భాగం వెనక్కి నడిపేటప్పుడు పట్టకుండా చేసినవి కాబట్టి, వెనక్కి తిప్పి చూస్తే మంచి బ్రేకు కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది.

పరీక్షకి ఒకరు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇంకొకరు కడ్డీని తోయాలి. టక్కున ఆగాలి. వదిలితే మళ్ళీ హాయిగా తిరగాలి. తరవాత ఖాళీ పార్కింగులో 10, 15 మైళ్ళ వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూడండి. ఆ తరవాత పదిమైళ్ళు రోడ్డుమీద తిప్పి, దిగి, హబ్బులకి దగ్గరగా అరచెయ్యి పెట్టండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి కాలిపోతూ ఒకటి చల్లగా ఉంటే బోటుతో బయల్దేరొద్దు, ఆ చక్రం మళ్ళీ విప్పండి.

ఉప్పునీళ్ళ గురించి ఇంకో మాట. ర్యాంపుకి చేరగానే వేడి హబ్బులని నీళ్ళలో దింపకండి. వేడి మీదున్న లోపలిగాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుని, సీలులోంచి ఉప్పునీటిని బేరింగుల్లోకి గుంజుతుంది. పావుగంట ఆగండి, ఈలోపు తాళ్ళు సర్దుకోవచ్చు. బోటు పైకి లాగాక, ఉప్పు ఆరకముందే డ్రమ్ముల్లోకి మంచినీళ్ళు పట్టాలి. నేను మొక్కలకి మందు కొట్టే రెండు గ్యాలన్ల పంపులో మంచినీళ్ళు పోసుకుని ట్రక్కులో పెట్టుకుంటాను. ర్యాంపు పక్కనే ఒక్కో చక్రానికి వెనక ప్లేటు బెజ్జంలోంచి కొట్టి, ఇంటికొచ్చాక హోసుతో మళ్ళీ పడతాను. ప్లేటుకి శాశ్వతంగా బిగించే కడుగుడు గొట్టాలు కూడా దొరుకుతాయి. కొత్త సెట్లు వేస్తున్నారు కాబట్టి ఇప్పుడే బిగించుకోండి.

ప్రశ్న: ఊదారంగు సిలికాన్ బ్రేక్ ఆయిల్ నీళ్ళు తాగదంటున్నారు. బోటు ట్రైలరుకి అది మంచిదేనా? పాత ఆయిల్ మీదే పోయవచ్చా?
– ఒక పాఠకుడు, కార్పస్ క్రిస్టీ

జవాబు: మీరనేది డాట్ 5. నీళ్ళు తాగదు నిజమే. కానీ లోపలికి వచ్చిన నీళ్ళు ఎక్కడికీ పోవు, బరువుకి దిగి సిలిండరు అడుగున ఒకచోట కూర్చుని అక్కడే తుప్పు పట్టిస్తాయి. పాత డాట్ 3 మీద పోయనేకూడదు, రెండూ కలవవు. గాలి తీయడం కూడా దానితో కష్టం, సన్న బుడగలని పట్టుకుని వదలదు. పేరులో పోలిక చూసి డాట్ 5.1ని దీనితో కలిపి అనుకోకండి, అది డాట్ 3, 4 జాతిదే. మీ మాస్టర్ సిలిండరు మూతమీద ఏది రాసుందో అదే వాడి, రెండేళ్ళకోసారి పూర్తిగా మార్చండి. నా ట్రైలరులో డాట్ 3 పోస్తాను.

ప్రశ్న: బాబాయిగారూ, మేం జార్జియాలో లేక్ లేనియర్ దగ్గరుంటాం. మా ట్రైలరుకి డిస్కు బ్రేకులు. డిస్కుని నొక్కే కాలిపర్లు రెండూ నేనే విప్పి కొత్తవి బిగించాను, మా అబ్బాయి సాయం చేశాడు. గాలి తీస్తే బుడగలు ఆగిపోయాయి, తేటగా వస్తోంది. అయినా కడ్డీ మెత్తగానే ఉంది. నాలుగు రోజులనుంచి తలపట్టుకున్నాను. పైపులన్నీ పొడిగా ఉన్నాయి, అట్టలు పరిచి కూడా చూశాను.
– ఒక పాఠకురాలు, కమింగ్, జార్జియా

జవాబు: అమ్మా, అట్టలు పరిచి చూశారంటే సగం పని సరిగ్గా చేశారు. ఇప్పుడు వెళ్ళి కాలిపర్‌లో నిప్పిల్ ఎక్కడుందో చూడండి. పైన ఉందా, కిందనా? కింద ఉంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించారు. బోల్టులు రెండువైపులా ఒకేలా పట్టేస్తాయి కాబట్టి పొరపాటు తెలియదు. కింద నిప్పిల్ విప్పితే తేట ఆయిల్ వస్తుంది, గాలి పైన కప్పులా నిలిచిపోతుంది. బిందె అడుగున కుళాయి పెట్టి పైనున్న గాలిని తీయాలనుకోవడం లాంటిది. మీరు చెప్పిన లక్షణం, అంటే బుడగలు ఆగాయి కానీ మెత్తదనం పోలేదనడం, అచ్చం దీనిదే.

వెంటనే తారుమారు చేయవలసిన పని కూడా లేదు. కాలిపర్‌ని పైపు ఉండగానే బోల్టులు విప్పి డిస్కు మీదనుంచి తీసి, ప్యాడ్ల మధ్య డిస్కు మందమంత చెక్క పెట్టి, నిప్పిల్ పైకి వచ్చేలా తిప్పి పట్టుకుని గాలి తీస్తే వచ్చేస్తుంది. చెక్క మరిచిపోతే తోసినప్పుడు పిస్టను బయటికొచ్చేస్తుంది, జాగ్రత్త. అబ్బాయిని పట్టుకోమనండి. కానీ వచ్చే ఏడాది మళ్ళీ ఆయిల్ మార్చాలి కదా, అందుకని తీరికగా ఉన్న రోజున పక్కలు మార్చి సరిగ్గా బిగించేయండి.

ఇంకొకటి చూడండి. ఆ ట్రైలరుకి డిస్కు బ్రేకులు మొదటినుంచీ ఉన్నవా, లేక ఎవరైనా డ్రమ్ములు తీసి డిస్కులు వేశారా? డ్రమ్ము బ్రేకుల మాస్టర్ బయటి కన్నంలో చిన్న వాల్వు ఉంటుంది. బ్రేకు వదిలాక కూడా పైపులో కొద్దిగా ఒత్తిడి నిలిపి, సిలిండరు రబ్బరు పెదాలు గోడకి అంటుకుని ఉండేలా చేస్తుంది, గాలి దూరకుండా. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ఒత్తిడి హాని చేయదు. డిస్కుకి ఆ స్ప్రింగులుండవు. ఆ వాల్వు ఉండిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ హబ్బులు కాలతాయి. గాలి సమస్య తీరాక పదిమైళ్ళు తిప్పి హబ్బుల వేడి చూడండి. రెండూ సమానంగా కాలుతుంటే డిస్కులకి తగిన మాస్టర్ వేయించండి.

ప్రశ్న: అన్నా, డిస్కు బ్రేకుల ట్రైలరు. ముందుకి బాగానే వస్తుంది. ఇంటిముందు ఏటవాలు మీద వెనక్కి ఎక్కిద్దామంటే బ్రేకులు పట్టేసి కదలదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, లూయిస్‌విల్, టెక్సస్

జవాబు: వెనక్కి తోస్తున్నప్పుడు కూడా కప్లరు నలుగుతుంది తమ్ముడూ, బ్రేకు తొక్కారనే ట్రైలరు అనుకుంటుంది. అందుకే డిస్కు ట్రైలర్లకి రివర్సులో ఆయిల్ దారి మూసే కరెంటు వాల్వు ఒకటి మూతి దగ్గర ఉంటుంది. ట్రక్కు రివర్సు లైటు వెలిగినప్పుడే దానికి కరెంటు రావాలి. మీ ప్లగ్గు నాలుగు తీగలదా, ఐదుదా చూడండి. ఐదోది నీలం తీగ, ఈ పనికే ఉంది. నాలుగు తీగల ప్లగ్గు పెట్టి లాగుతుంటే లైట్లన్నీ వెలుగుతాయి, ఈ వాల్వు మాత్రం పనిచేయదు. ఐదు తీగలూ ఉంటే ట్రక్కు తాళంచెవి తిప్పి రివర్సులో పెట్టి, హ్యాండు బ్రేకు లాగి ఉంచి, మూతి దగ్గర చెవి పెట్టండి. గేరు వేసినప్పుడు ‘టిక్’ అని వినపడాలి. వినపడకపోతే ట్రక్కువైపు నీలం తీగ మొనలో కరెంటు ఉందో లేదో టెస్టరుతో చూడండి, తరవాత తెల్ల తీగ చట్రానికి కలిసిన చోట తుప్పు గీకి మళ్ళీ బిగించండి. ఉప్పునీళ్ళకి వెళ్ళే ట్రైలర్లలో నేను ఎక్కువగా చూసింది ఆ తెల్ల తీగ తుప్పే. కొన్ని కప్లర్లలో కడ్డీ కదలకుండా గాటులో పెట్టే చిన్న తాళపు బిళ్ళ కూడా ఉంటుంది, అవసరానికి అది పెట్టి వెనక్కి ఎక్కించుకోవచ్చు. ఎక్కించాక ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకోండి. అది గాటులో ఉండగా రోడ్డెక్కితే మీ ట్రైలరుకి బ్రేకు లేనట్టే.